కుక్కర్లో పప్పు ఉడకట్లేదు, పులుసు కుదరట్లేదు: ఇంటి వంట ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాను. పుణెలో ఉద్యోగం, రూములో ఒక ఇండక్షన్ స్టవ్వు, మూడు లీటర్ల కుక్కరు. అమ్మగారిది తెనాలి. ఫోన్లో అడిగితే "కాస్త చింతపండు, సరిపడా ఉప్పు" అంటున్నారు. వీడియోలు చూస్తే ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పట్లేదు. మామిడికాయ పప్పు చేస్తే బద్దలు బద్దలుగా మిగిలిపోతోంది, పులుసు నీళ్లలా ఉండి పుల్లగా కొడుతోంది, పోపు ప్రతిసారీ మాడుతోంది. క్లాసులో చేరాలా, పుస్తకం కొనాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. మాది పెళ్లిళ్లకి వంటలు చేసిన ఇల్లు. ఇప్పుడు పెద్ద వంటలు మానేసి, చదువులకీ ఉద్యోగాలకీ బయటికి వెళ్లే పిల్లలకి ఇంట్లోనే వంట నేర్పుతున్నాను. వచ్చే ప్రతి పిల్లా పిల్లాడూ మొదట అడిగేది కొలతలే. ఎన్ని చెంచాల కారం, ఎన్ని విజిల్స్ అని. మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా కొలత వల్ల వచ్చింది కాదు. ఏది ముందు పడాలి, ఏది తర్వాత పడాలి, దేన్ని చూసి దించాలి అన్న దగ్గర వచ్చినవి. అక్కడ సరిచేసుకుంటే కొలతలు వాటంతట అవే దారికొస్తాయి.

ముందు పప్పు సంగతి. పులుపు తగిలితే పప్పు ఉడకదు. ఉడకనే ఉడకదని కాదు, చాలా ఆలస్యమవుతుంది. కందిబద్దలో కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. మామూలు నీళ్లలో వేడి తగిలితే అది కరిగి బద్ద విచ్చుకుంటుంది. చింతపండో మామిడికాయో టమాటాయో కలిస్తే ఆ కరగడం మందగిస్తుంది. బోరు నీళ్లలో ఉండే కాల్షియం కూడా ఇదే పని చేస్తుంది. అపార్టుమెంట్లలో చాలాచోట్ల వచ్చేది బోరు నీళ్లే కాబట్టి పప్పు వరకైనా తాగే నీళ్లు పోయండి. దీనికి తోడు మీరు కొన్న పప్పు ఏడాది పైబడి నిలవున్నదైతే మూడూ కలిసి పప్పుని రాయి చేస్తాయి. "మా అమ్మ అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేస్తుంది, ఆవిడకి బానే ఉడుకుతుందిగా" అంటారేమో. కొత్త పప్పు, మంచి నీళ్లు ఉన్నచోట నడుస్తుంది. మీకు నడవట్లేదు కాబట్టి విడగొట్టండి.

అర కప్పు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. మీ ఒక్కరికి రెండు పూటలకి అది చాలు. ఒకటిన్నర కప్పు నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె. నూనె రుచి కోసం కాదు, నురగ పొంగకుండా. పప్పు వండేటప్పుడు కుక్కరు సగానికి మించి నిండకూడదు, ఆ నురగే వెళ్లి వెయిటు దగ్గర అడ్డం పడుతుంది. విజిల్స్ లెక్కపెట్టడం మానేయండి. ఒక్కో కుక్కరు ఒక్కోలా కూస్తుంది, మంట పెద్దదైతే ఊరికే గబగబా కూసేస్తుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, అక్కణ్నుంచి పది నిమిషాలు గడియారం చూసుకోండి. కట్టేసి, ఆవిరి దానంతటదే పోయేదాకా మూత జోలికి వెళ్లకండి. ఆవిరి పోయే ఆ కాసేపట్లో కూడా పప్పు ఉడుకుతూనే ఉంటుంది. మూత తీయగానే, వేడి మీదే, పప్పుగుత్తితో మెదపాలి. చల్లారాక మెదిపితే ముద్ద ముద్దగా ఉంటుంది తప్ప వెన్నలా రాదు.

మామిడికాయ ముక్కలు అదే కుక్కర్లో చిన్న గిన్నెలో పెట్టి విడిగా ఉడికించండి. గోంగూరైతే బాణలిలో విడిగా మగ్గబెట్టండి. మెదిపిన పప్పులో ఇవి కలిపి, ఉప్పూ కారం వేసి, ఇంకో అయిదు నిమిషాలు ఉడకనిస్తే పప్పుకి పులుపు పడుతుంది. ఉడకడం కోసం వంటసోడా వేయమని ఎవరైనా చెబితే వినకండి. బద్ద మెత్తబడుతుంది, నిజమే. కానీ జిగటగా సబ్బు రుచి వస్తుంది, పప్పులో ఉండే బి విటమిన్ కూడా కొంత పోతుంది.

ఇప్పుడు ఇదే విషయాన్ని పులుసులో పెట్టి చూడండి. ఆనపకాయ, ములక్కాడ, చామదుంప, ఏ ముక్కైనా సరే, చింతపండు రసంలో నేరుగా వేస్తే అరగంట మరిగినా పంటికి తగులుతూనే ఉంటుంది. ముందు మామూలు నీళ్లలో ముక్క ముప్పాతిక వంతు ఉడకాలి, ఆ తర్వాతే పులుసు పోయాలి. వంకాయ, బెండకాయ అయితే నూనెలో మగ్గిన తర్వాత. బెండకాయకి పులుపు మేలు కూడా చేస్తుంది, జిగురు తగ్గిస్తుంది. మామూలు పులుపు కూరలకి ఈ ఒక్క వరస గుర్తుంటే చాలు, సగం వీడియోలు చూడక్కర్లేదు.

పులుసు నీళ్లగా, పుల్లగా ఉండటానికి కారణం మీరు దాన్ని తొందరగా దించేయడం. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఫోన్లో మీ అమ్మగారు "పచ్చివాసన పోయేదాకా మరగనివ్వు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఆ వాసన ఎలా ఉంటుందో ఆవిడ చెప్పలేరు. నిమ్మకాయంత చింతపండు, అంటే పాతిక ముప్పై గ్రాములు, గ్లాసు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పిసికి వడకట్టండి. పిప్పిలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి రెండోసారి పిండండి. ముప్పాతిక వంతు ఉడికిన ముక్కల్లో ఇది పోసి, ఉప్పు, పసుపు, కారం, చిన్న బెల్లం ముక్క వేసి మధ్యస్థమైన మంట మీద పెట్టండి. మొదట తెల్లటి నురగ కడుతుంది, గిన్నె మీదికి వంగితే ముక్కుకి ఘాటుగా, పుల్లగా తగులుతుంది. అదే పచ్చివాసన. ఏడెనిమిది నిమిషాలకి నురగ అణిగిపోతుంది. తర్వాత బుడగలు పెద్దవై, నెమ్మదిగా, బరువుగా పగులుతుంటాయి. రంగు ఒక్క మెట్టు ముదురుతుంది. ఇప్పుడు వంగి వాసన చూస్తే బెల్లం, కారం వాసన ముందు వచ్చి పులుపు వెనక్కి వెళుతుంది. పావుగంట నుంచి ఇరవై నిమిషాల మధ్య ఇది జరుగుతుంది. జరిగిన తర్వాతే రుచి చూడాలి. అంతకుముందు చూసి "పులుపెక్కువైంది" అని బెల్లం దిమ్మరించారో, చివరికి పానకం తయారవుతుంది.

చిక్కదనానికి చెంచా బియ్యప్పిండి చన్నీళ్లలో కలిపి చివర్లో పోసి రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వండి. కొందరు శనగపిండి వేస్తారు, అదీ బావుంటుంది. మరీ పులుపైతే నీళ్లు, ఇంకాస్త బెల్లం వేసి మళ్లీ మరగనివ్వాలి. ఉప్పుతో పులుపుని కొట్టాలని చూడకండి, రెండూ ఎక్కువై కూర్చుంటాయి. గిన్నె స్టీలుదై ఉండాలి. ఇనప మూకుట్లో చింతపండు మరిగితే నల్లబడి ఇనుము రుచి వస్తుంది. కళాయి లేని ఇత్తడిలో అసలు వద్దు. వెనక బ్రాహ్మల ఇళ్లలో పులుసుకీ పులిహోర పులుపుకీ రాచిప్పలు వాడింది ఇందుకే, రాయికి పులుపు అంటదు.

చేపల పులుసు కూడా ఈ దారిలోనే, ఒక్క తేడాతో. పులుసు ముందు బాగా మరిగి పచ్చివాసన పోయాకే చేపముక్కలు వేయాలి, వేశాక గరిటె పెట్టకూడదు. గిన్నెని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. మర్నాటికి రుచి పెరుగుతుందని అందరూ అనేది నిజమే, ముక్కలోకి పులుసు ఇంకడానికి సమయం కావాలి. పుణె ఎండాకాలంలో మాత్రం ఫ్రిజ్‌లో పెట్టండి.

తెలంగాణ స్నేహితులెవరైనా "మేం పులుసు మరిగించనే మరిగించం" అంటే వాదించకండి, వాళ్లు చెప్పేది పచ్చిపులుసు గురించి. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిర్చి, కొత్తిమీర నలిపి వేసి, పైన పోపు పెడతారు. కొందరు వేయించిన నువ్వుల పొడి కూడా కలుపుతారు. పొయ్యి మీద పెట్టరు. పచ్చివాసనే దాని అందం. పెసరపప్పు కిచిడీలో అది పోసుకుని తింటే, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రికి అంతకంటే సులువైన భోజనం నాకు తెలీదు.

ఇక పోపు. ఇండక్షన్ మీద పోపు మాడటం మామూలే. గ్యాసు మీద గరిటె ఎత్తి మంటకి దూరం జరపొచ్చు, ఇండక్షన్ మీద గిన్నె ఎత్తితే స్టవ్వే ఆగిపోతుంది, దింపితే మళ్లీ ఒక్కసారిగా వేడెక్కుతుంది. పోపు గరిటె పక్కన పెట్టేసి, అడుగు బల్లపరుపుగా ఉండే చిన్న ఇనప బాణలి కొనండి. 600 నుంచి 800 వాట్ల మధ్య పెట్టుకోండి, అంతకు మించొద్దు. అన్నీ పొడిగా, వేసే వరసలో, పళ్లెంలో పక్కనే పెట్టుకుని అప్పుడు స్టవ్వు వెలిగించండి. పోపు మొదలుపెట్టాక ఇంగువ డబ్బా వెతుక్కుంటే అయిపోయినట్టే.

వరస వెనక లెక్క ఒక్కటే: ఏది వేగడానికి ఎక్కువసేపు పడుతుందో అది ముందు. నూనె ఓ మాదిరిగా కాగగానే శనగపప్పు, తర్వాత మినప్పప్పు. మెంతులు వేసేదుంటే నాలుగంటే నాలుగు గింజలు, ఇప్పుడే. పప్పులు లేత బంగారు రంగుకి తిరిగేసరికి నూనె బాగా కాగి ఉంటుంది, అప్పుడు ఆవాలు. ఆవాలకి కాగిన నూనె కావాలి, చల్లటి నూనెలో పడితే చిటపటమనకుండా ఊరికే మాడి చేదెక్కుతాయి. చిటపటలు జోరందుకోగానే జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి. వెల్లుల్లి వేసేవాళ్లు చితక్కొట్టి జీలకర్ర కంటే ముందు వేయాలి. మిరపకాయ ఉబ్బి మెరవగానే స్టవ్వు కట్టేయండి. మినప్పప్పు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు కదా అని ఆగొద్దు. ఇనప బాణలిలో మిగిలిన వేడికి అది ఎర్రబడుతుంది. మీ పోపు మాడేది ఈ చివరి అరనిమిషంలోనే అని నా అనుమానం. కట్టేశాక ఇంగువ, కరివేపాకు. కరివేపాకు తడి ఉంటే మొహం మీదికి నూనె చిందుతుంది, ముందే తుడిచి పెట్టుకోండి. పప్పులో పోపు వంపగానే మూత పెట్టేయండి, ఆ ఘుమఘుమ గదిలోకి కాదు, పప్పులోకి పోవాలి.

మొదటి నెల నాలుగే చేయండి: ముద్దపప్పు, ముక్కల పులుసు, ఏదైనా ఒక వేపుడు, చారు. రోజుకొక కొత్త వంటకం వెంట పడితే ఏదీ చేతికి పట్టదు. ఈ నాలుగూ తిప్పి తిప్పి చేస్తుంటే మూడో వారానికి గడియారం చూడకుండా ముక్కుతో దించడం వస్తుంది. చారు అయితే మరగనివ్వడం కాదు, పొంగు రాగానే దించేయాలి. మిరియాల పొడి వేశాక ఎక్కువసేపు కాగితే ఘాటు పోతుంది. వేపుడుకి ముక్కలు కడిగి బాగా ఆరబెట్టండి, బాణలి వెడల్పుగా ఉండాలి, మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో. ఉప్పు ముందే వేస్తే ముక్క నీరొదిలి, వేగాల్సింది కాస్తా ఉడికి ఊరుకుంటుంది. అరటికాయ, దొండకాయ, ఆలుగడ్డ ఏదైనా ఇంతే.

తర్వాత రోటి పచ్చళ్లకి రండి. మిక్సీ ఉంటే చాలు, కానీ బటన్ ఆపి ఆపి నొక్కండి, బరకగా ఉండాలి. దోసకాయ పచ్చడిలో సగం ముక్కలు గ్రైండ్ చేయకుండా పచ్చివే కలిపితే కరకరలాడుతుంది. ఇడ్లీ, దోశ పిండి తర్వాత చూసుకోవచ్చు. చలికాలంలో పులియడానికి రాత్రి చాలకపోతే మధ్యాహ్నం దాకా వదిలేయండి, అంతే.

ఆవ పెట్టిన కూరలు కూడా కొన్నాళ్లు ఆగండి, కానీ ఒక సంగతి ఇప్పుడే చెప్తాను, ఎవరూ సరిగ్గా చెప్పరు. అరటికాయ, కంద, గోదావరి జిల్లాల పనసపొట్టు కూర, వీటిలో వేసే ఆవముద్ద స్టవ్వు కట్టేశాకే కలపాలి. ఆవాలు నీళ్లతో నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, వేడి తగిలితే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకి ఘాటు ఉండదు, చూడండి, అదే కారణం. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి, కాస్త ఉప్పు కలిపి నూరి, గోరువెచ్చగా అయిన కూరలో కలిపి మూత పెడితే కాసేపటికి ముక్కు పుటాలు అదురుతాయి.

బొబ్బట్లు, ఆవకాయ ఈ ఏడాది మర్చిపోండి. ఆవకాయ ఒక్కరి పని కాదు, వేసవిలో ఊరెళ్లి అమ్మగారి పక్కన కూర్చుని పెట్టండి. పూతరేకులు నేర్పమని కూడా కొందరు అడుగుతారు నన్ను. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డ దాని మీద పరిచి రేకు తీస్తారు. అది చేతివృత్తి, రూములో నేర్చుకునే వంట కాదు. కొనుక్కుని తినండి.

మీ అమ్మగారి దగ్గర నేర్చుకోవడం గురించి. "ఎంత వేశావు?" అని అడగొద్దు, ఆవిడకే తెలీదు. "ఏం చూసి దించావు?" అని అడగండి, వెంటనే చెప్తారు. వీడియో కాల్‌లో ఆవిడ వండుతుంటే మీరు చూడటం కంటే, మీరు వండుతుంటే ఆవిడ చూడటం మేలు. "అదుగో, మంట తగ్గించు" అనే మాట ఆవిడ నోట్లోంచి ఆ క్షణంలోనే వస్తుంది, విడిగా అడిగితే గుర్తురాదు. ఊరెళ్లినప్పుడు వంటింటి త్రాసు ఒకటి తీసుకెళ్లండి. ఆవిడ చేతిలోకి తీసుకున్న చింతపండుని గిన్నెలో పడేలోపు తూచండి, ఉప్పు డబ్బా కూర వండకముందు ఒకసారి, వండాక ఒకసారి తూచండి. చిరాకు పడతారు, పడనివ్వండి. ఒక్క పూటలో మీ ఇంటి కొలతలు దొరుకుతాయి, ఏ వీడియోలోనూ దొరకనివి. ఆవిడ కల్లుప్పు వాడితే మాత్రం గ్రాముల్లోనే రాసుకోండి. చెంచా కల్లుప్పుకీ చెంచా మెత్తటుప్పుకీ చాలా తేడా.

కారం కూడా అంతే. మీ ఇంట్లో పట్టించిన గుంటూరు కారం వేరు, అక్కడ ప్యాకెట్లో దొరికే బ్యాడిగి కారం వేరు. బ్యాడిగి ఎర్రగా ఉంటుంది గానీ మంట తక్కువ. "రెండు చెంచాలు" అన్న మాటకి కారం డబ్బా మారితే అర్థం లేదు. ఊరి నుంచి అరకిలో తెచ్చుకుని గాలి తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఏడాది పొడుగునా మీ లెక్క ఒకటే ఉంటుంది. చింతపండు కొత్తదైతే ఎర్రగా పుల్లగా ఉంటుంది, పాతది నల్లగా ఉండి పులుపు కాస్త మెత్తబడుతుంది. ఏది కొన్నా ఆరునెలలకి సరిపడా ఒకేసారి కొనండి.

"అసలైన సంప్రదాయ పద్ధతి ఏది" అని కూడా అడిగారు. దీనికి టెన్షన్ పడకండి. మనం ప్రాణంగా చూసుకునే మిరపకాయ, టమాటా, ఆలుగడ్డ, ఇవేవీ పోర్చుగీసువాళ్లు రాకముందు మన వంటింట్లో లేవు. అప్పట్లో కారమంటే ముఖ్యంగా మిరియాలే. ఒకే ముక్కల పులుసులో కోస్తాలో చాలామంది బెల్లం వేస్తారు, కడప వైపు వాళ్లు ఆ తీపి చూసి మొహం చిట్లిస్తారు. తెనాలి మీదైతే తెనాలి రుచి ముందు పట్టుకోండి. అది చేతికొచ్చాక ఉగ్గాణి చేస్తారో, సర్వపిండి చేస్తారో మీ ఇష్టం. మొదట్లోనే పది ఊళ్ల వీడియోలు కలిపేస్తే ఏ ఊరి రుచీ రాదు.

పప్పు విషయంలో మాత్రం పై పద్ధతిలో చేసి ఇంకోసారి రాయండి. అప్పటికీ ఉడకకపోతే ఏ నీళ్లు పోశారు, పప్పు ఎప్పుడు కొన్నారు, మొదటి విజిల్ తర్వాత ఎన్ని నిమిషాలు ఉంచారు, ఈ మూడూ చెప్పండి. కారణం అందులోనే దొరుకుతుంది.